వరండా స్తంభానికి తాడు

అత్తయ్యా,

మీరూ పాపా మంచి నిద్రలో ఉన్నారు, లేపబుద్ధి కాలేదు. పాలు ఫ్రిజ్ పై అరలో పెట్టాను.

ఇవాళ్టి నుంచి మీరూ బ్యాటిల్ రోప్ కసరత్తు మొదలుపెడతానన్నారు కదా, ఆ లావు తాడు వరండా స్తంభానికి చుట్టేసి వెళ్తున్నాను. పాప పడుకున్నాక చేయండి. రెండు చేతుల్తో రెండు కొసలూ పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి ఆడించండి. తాడులో అలలు లేవాలి. బావిలో చేద లాగినట్టు లాగకండి. ఊపిరి బిగపట్టొద్దు. ఇరవై లెక్కపెట్టి ఆపేసి, ఒక నిమిషం కూర్చోండి. అలా నాలుగుసార్లు చాలు, మొదటిరోజే వీరంగం వద్దు. భుజం నొప్పెడితే వెంటనే మానేయండి.

ఇంకోమాట. దానిమీద దుప్పట్లు ఆరేయకండి, మీకు దణ్ణం పెడతాను. నిన్న తడితాడు పట్టుకుంటే నా అరచేతులు మండిపోయాయి.

కాన్పయ్యాక బకెట్ ఎత్తలేక ఏడ్చినదాన్ని, ఇవాళ మళ్ళీ వార్డులో రోగుల్ని లేపి కూర్చోబెట్టడానికి వెళ్తున్నాను. ఇన్ని నెలలూ పాపని చంకనేసుకుని, నేను తాడు ఆడిస్తుంటే ఎదురుగా నిలబడి నాకు లెక్కపెట్టింది మీరే. మా అమ్మయినా విసుక్కునేది.

సాయంత్రం ఆరింటికల్లా వచ్చేస్తాను.

మర్చిపోయాను. నా చేతులు వణుకుతుంటే మీరు పన్నెండు తర్వాత ఏకంగా పదిహేడు అనేసేవారు. లెక్క రాక కాదని నాకు మొదటిరోజే తెలుసు. పోయిన నెల మొదటిసారి మీ నోట పదమూడు విన్నాను. డ్యూటీలో చేరతానని ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేశాను.