పోగు తెగుతుందని దిగిన అవ్వ

హిందూపురం
9-2-1962

నాయనకు నమస్కారాలు. ఎవరి నోటనో విని భయపడతారని ముందే రాస్తున్నాను. నేనూ మామా బాగున్నాము. దెబ్బ తగిలింది మాకు కాదు.

మామ ఇంటి ముందు కాలువ మీద కొత్తగా బండలు పరిచి, జనం నడవడానికి ఫుట్‌పాత్ వేశారు. చదునుగా ఉందని సంబరపడి, ఈ పొద్దున పట్టు పడుగు దారాలను దాని మీదే పొడుగునా చాచి కట్టాము. బండలన్నీ నిండిపోయాయి. నడిచేవాళ్ళ సంగతి మాకు తట్టనే లేదు.

నెత్తిన గంపతో ఒక ముసలవ్వ వచ్చింది. పడుగు చూసి ఆగి, రోడ్డు మీదికి దిగింది. వెనక నుంచి వచ్చిన చింతపండు లారీ ఆమె పాదం మీదికి ఎక్కింది. పరుగెత్తి ఎత్తుకున్నాను. "దారాలు పక్కకు తోసుకొని రాకపోతివా అవ్వా!" అన్నాను.

"పోగు తెగితే మీ పొట్ట కొట్టినట్టు గాదా నాయనా? నేనూ మగ్గమున్న ఇంటిదాన్నే" అనింది.

ప్రాణానికి భయం లేదంట. కాలు సంగతి ఆస్పత్రిలో ఇంకా చెప్పలేదు. కట్లకు అమ్మ పాత నూలు చీర ఒకటి పంపండి. చెల్లెలికి జ్వరం తగ్గిందా? చౌడమ్మ తల్లి అందరినీ చల్లగా చూడాలి.

రేపటి నుంచి ధర్మవరంలో మన వీధిలో పడుగు కట్టినా, ఒక పక్క మనిషి నడిచేంత దారి వదలండి. మన అవ్వ కూడా పడుగును తోసుకొని వచ్చే మనిషి కాదు.

మీ కొడుకు
ఓబులేసు