ఎనిమిదింటిలో ఒకటి

శనివారం, రాత్రి

మలంచాలో ఉండే బావమరిది డేవిడ్ కొన్న ఎర్ర కారు చూసి వచ్చాం. యాభై ఏళ్లు దాటిన అమెరికా బండి. ఆ కంపెనీ ఎలా పుట్టిందో, ఏ రేసులు గెలిచిందో, అంతా తనే కట్టినట్టు చెప్పాడు. ఇంజిన్ మీది నంబరూ కాగితాల్లో నంబరూ ఒకటేనట, అంటే బండితో పాటు వచ్చిన అసలు ఇంజినేనట. వాడికి స్పానర్ పట్టుకోవడం కూడా రాదు! మా ఆవిడ ఆ సీటు నిమురుతుంటే నాకు ఒళ్లు మండింది.

స్టార్ట్ చేస్తే వీధంతా అదిరింది. ఎనిమిది సిలిండర్లలో ఒకటి సరిగ్గా మండక మిస్సింగ్ కొడుతోందని నా చెవికి వెంటనే తెలిసిపోయింది.

"ఏటి బావా, ఎలాగున్నాది?" అన్నాడు డేవిడ్.

"బాగున్నాది," అన్నాను.

వాడు, బండి చూడ్డానికొచ్చిన చర్చివాళ్ల వైపు తిరిగి, "ఇన్నారా? రైల్వే డీజిల్ షెడ్‌లో ముప్పై ఏళ్లు ఇంజిన్లు ఇన్న సెవి అది. మా బావ బాగున్నాదంటే ఇంక తిరుగు లేదు!" అన్నాడు.

ఆ ముప్పై ఏళ్లలో తేడా ఉన్న ఇంజిన్‌ని ఒక్కదాన్నీ షెడ్ దాటనివ్వలేదు నేను. పొద్దున్నే ఫోన్ చేసి నిజం చెప్పెయ్యాలి. చెబితే బాగు చేయించుకుంటాడు. అప్పుడిక ఆ బండికి వంక పెట్టడానికి నాకేమీ మిగలదు…