చెల్లెలి రక్తం రిపోర్టు ఎవరికి చేరాలి

ముప్పై ఆరేళ్లు కళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, మతి నిలకడగా ఉండగానే ఈ వీలునామా రాయిస్తున్నాను. నోటితో చెప్పడానికి ముఖం చెల్లని సంగతి ఒకటి కూడా ఇందులోనే ఉంది.

1. కంటి లోపల చూసే నా స్లిట్‌ల్యాంపు, నా దగ్గర పనిచేసిన జూనియర్ డాక్టరమ్మకు చెందాలి. గడ్డం ఆనించే పట్టీ వదులైంది, బిగించుకోవాలి.

2. పుస్తకాలూ ఆమెకే. "రోగులు చెప్పేదాంట్లో సగం అబద్ధం" అని నాకు నూరిపోసిన పెద్ద డాక్టరుగారి పాఠాల నోట్సు మాత్రం చించేయాలి. ఆయన్ని తిట్టి లాభం లేదు, నమ్మింది నేను.

3. గోడ గడియారం మా కాంపౌండరుకు. అది పది నిమిషాలు ముందుంటుంది. అతన్ని తొందరపెట్టడానికి నేనే తిప్పి పెట్టాను.

4. నా చెల్లెలు దర్జీ పని చేస్తుంది. కళ్లలో వాపు మాటిమాటికీ తిరగబెడుతుంటే రెండు వారాలకొకటి చొప్పున బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే ఒంట్లో వాపు పుట్టించే ప్రోటీన్‌ను అణిచే మందు, మొదలుపెట్టాను. బాగా పనిచేశాయి. కళ్లు నెమ్మదించగానే నెలకొకటి చాలన్నాను. వాంతులవుతున్నాయంటే తోడుగా ఇచ్చే మాత్రా మాన్పించాను. సొంత మనిషి కదా, కనికరించాను. ఆర్నెల్లకు వాపు మళ్లీ వచ్చింది, ఇంజెక్షన్లు పెంచినా తగ్గలేదు. ఎగ్గొడుతున్నావని బావగారి ముందే కడిగిపారేశాను. "ఒక్కటి కూడా మానలేదన్నయ్యా" అంటూ ఖాళీ సిరంజిలు దాచిన బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్లమీద కుమ్మరించింది. నేను అటు చూడను కూడా లేదు. "బయోలాజిక్ మందులకు లొంగని రోగి" అని ఫైల్లో రాసేశాను. కుడి కన్ను పోయింది. నా రాత నమ్మి, ఎడమ కంటిని ఇప్పటికీ చుక్కల మందుతోనే నెట్టుకొస్తోంది.

5. నేను రిటైరయ్యే నెలలో జూనియర్ డాక్టరమ్మ, ల్యాబులో భద్రపరిచి ఉన్న చెల్లెలి రక్తం నమూనాను పరీక్షకు పంపింది. ఆ మందును పనిచేయనివ్వకుండా ఒంట్లోనే యాంటీబాడీలు తయారయ్యాయని తేలింది. డోసుల మధ్య ఎడం పెరిగితే, తోడు మాత్ర లేకపోతే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. ఆ రెండూ నా నిర్వాకమే. ఆమె ఒళ్లు తిప్పికొట్టింది ఆ ఒక్క మందునే, మరో రకం పనిచేయవచ్చు. నేనే చెబుతానని రిపోర్టు తీసుకున్నాను. డాక్టరమ్మ వేరే ఆసుపత్రికి మారిపోయింది. పద్నాలుగు నెలలుగా అది నా సొరుగులోనే ఉంది. తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేను. నా తదనంతరం ఆ రిపోర్టు చెల్లెలికి అందజేయాలి.

6. ఇది రాస్తున్న వకీలు నా చిన్ననాటి స్నేహితుడు. పై వాక్యం దగ్గర కలం కింద పెట్టేసి, "నువ్వు పోయేదాకా ఆ ఎడమ కన్ను ఆగుతుందట్రా?" అన్నాడు. కనుక అయిదో క్లాజులోని చివరి వాక్యాన్ని రద్దు చేస్తున్నాను. రిపోర్టు ఇవాళే నేనే తీసుకెళ్తాను. తలుపు తీయకపోతే మెట్లమీద కూర్చుంటాను.

తేదీ: 2023 ఫిబ్రవరి 9, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) అన్నయ్య

సాక్షులు:
పక్కవాటా టీచరమ్మ.
కింది అంతస్తు మందుల షాపాయన. సంతకం చేసి, నాకు బండి పిలవడానికి కిందికి వెళ్లారు.