స్టీరింగ్ పట్టుకున్న కూతురు

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసా. నీ మోకాళ్ళు కూడా నీ మాట వింటున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకు నీ దస్తూరీ చూసి, కవరు చింపకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. వేళకే తింటున్నానమ్మా. బస్సు తిప్పడం నువ్వనుకునేంత కష్టమేమీ కాదు. ఆడదాన్నని ఎవరూ ఏమీ అనరు. అనబోయినవాళ్ళు మా డిపోలో మెకానిక్ మామ్మ నోటికి జడుస్తారు. పెళ్ళి సంగతి అడిగి కొట్టేశావు గానీ, ఆ వాక్యం శుభ్రంగా కనిపిస్తూనే ఉంది!

నాన్న పోయాక నన్ను చంకనేసుకుని, భాష కూడా రాని ఈ దేశం వచ్చావు. ఆసుపత్రిలో వార్డులు తుడుస్తూ, డాక్టరమ్మ ఎదురైనప్పుడల్లా ఆ తెల్లకోటులో నన్నే చూసుకున్నావు. నేను డాక్టరు చదువు మధ్యలో మానేసి బస్సు నడుపుతానన్న రోజున, "నేను నేలలు తుడిచింది నువ్వు స్టీరింగ్ పట్టుకోడానికా?" అన్నావు.

"నీకు కావలసింది నన్నెందుకు కమ్మంటావమ్మా?" అన్నాను.

మర్నాడే పెట్టె సర్దుకుని పిన్ని ఉండే ఊరికి వెళ్ళిపోయావు.

ఇప్పుడొక మాట చెప్పాలి. ఈ ఉత్తరంలో 'పోయిన నెల ఏదో పని మీద మీ ఊరు వచ్చి వెళ్ళాను' అని రాశావు. ఆ పనేమిటో నాకు తెలుసు. వానలో, శాలువా ముఖం మీదికి లాక్కుని నా బస్సెక్కి, నా వెనక సీట్లోనే కూర్చున్నావు. అద్దంలో చూశాను. శాలువా కప్పుకుంటే నడక దాగుతుందా? పలకరిస్తే దిగిపోతావేమోనని చూడనట్టే నడిపాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నీ పక్కనున్న పెద్దాయన, "కుదుపన్నదే తెలియకుండా నడుపుతోంది కదండీ ఈ డ్రైవరమ్మ!" అన్నాడు.

నువ్వు శాలువా అంచు సర్దుకున్నావు. తర్వాత, "మా అమ్మాయే" అన్నావు.

పచ్చదీపం వెలిగినా నా కాలు కదల్లేదు. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించేశారు. ఆఖరి స్టాపులో నేను సీట్లోంచి లేచేసరికి దిగిపోయావు. బయట అన్నీ గొడుగులే, నువ్వెక్కడా లేవు.

ఈసారి వచ్చినప్పుడు అలా వెళ్ళిపోకు. బండి డిపోలో పెట్టేదాకా ఆగు. ఇద్దరం కలిసి ఇంటికి నడుద్దాం. దారిలో, ఇంకా తిట్టాల్సినవేమైనా మిగిలి ఉంటే తిట్టు. నీ నోట తిట్లు తిని చాలా కాలమైంది.

ఇట్లు,
మా అమ్మాయే అని నువ్వు చెప్పుకున్న
నీ చిట్టి