ఊటలో మట్టి

నాన్నగారికి నమస్కారాలు. మా మంచినీళ్ళ చెరువు కట్ట తెగిందని మీదాకా వచ్చిన కబురు అబద్ధం. కట్ట నిలిచే ఉంది, నేను కులాసా.

సోమవారం పొద్దున కట్ట దిగువన ఊటనీళ్ళు ఎప్పటిలాగే సీసాలో పట్టి చూస్తే మట్టిరంగులో ఉన్నాయి. పరుగున తీసుకెళ్ళి మా పెద్ద ఇంజనీరుగారికి చూపించాను.

"ఊట లేని కట్ట ఎక్కడుందమ్మా? కంగారు పడకు," అన్నారు.

"ఊట ఉండొచ్చు సార్, మట్టి ఉండకూడదు. లోపల కట్ట కొట్టుకుపోతోంది. కింద నలభై ఇళ్ళున్నాయి," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

ఆయన సీసా వెలుతురుకి ఎత్తి చూసి, తూము తెరిపించి నీటిమట్టం ఆరడుగులు దించారు. ఊట దగ్గర తవ్విస్తే, కట్టలోంచి పోయే పాత గొట్టం పక్కన చెయ్యి దూరేంత బొరియ! దాన్ని పూడ్చి ఇసుక, కంకర వేశారు. నిన్నటినుంచి ఊట తేటగా వస్తోంది. రోజు విడిచి రోజే నీళ్ళిస్తున్నామని ఊళ్ళోవాళ్ళు మాత్రం నన్ను తిట్టిపోస్తున్నారు.

అటక మీద నా రబ్బరు బూట్లుంటాయి, పంపండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు నా సైకిలు తొక్కుతున్నాడా, తుప్పు పట్టిస్తున్నాడా?

అమ్మకి నమస్కారాలు, వాడికి దీవెనలు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పొద్దని మీరెన్నోసార్లు చెప్పారు. ఈ ఒక్కసారి చెప్పాను, మన్నించండి.

మీ పెద్దమ్మాయి