విశ్వకర్మ పూజ కొబ్బరికాయ నా చేతనే కొట్టించవలసినదిగా

కార్మిక శాఖాధికారి గారి సముఖమునకు,
తుష్నాబాద్ కాపురస్తుడు, ఫెరార్గంజ్ రేకుల ఫ్యాక్టరీలో మెషీను ఆపరేటరు జోగులు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎన్నడూ చెడిపోని మెషీను నడుపుచున్నందులకు నాకు జరుగుచున్న అన్యాయము గురించి.

ఇది తమ శాఖ కిందికి వచ్చునో రాదో నాకు తెలియదు. తెలుగు చదవగల ఆఫీసరు ఈ దీవిలో తమరొక్కరే అని విని తమకే విన్నవించుకొనుచున్నాను.

1. మా ఫ్యాక్టరీలో ఇళ్ల కప్పుకు వేసే రేకులు తయారగును. సాదా రేకును రోలర్ల మధ్య నుండి పంపి అలలు తీయు పెద్ద మెషీను నాది. రేకు అంచులు వంచు ప్రెస్సు గణేష్‌ది. ఏడాది పొడవునా ఆగకుండా నడిచిన మెషీను ఎవరిదో, వారి చేత విశ్వకర్మ పూజనాడు ఆ మెషీను ముందే కొబ్బరికాయ కొట్టించుట మా ఆనవాయితీ.

2. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఊరికే తుప్పు పట్టును. కావున నేను రోజూ అందరికన్నా ముందు వచ్చి, రోలర్లను డీజిలు గుడ్డతో తుడిచి, బేరింగులకు గ్రీజు పెట్టి, చైను బిగి చూసి, అప్పుడే స్విచ్చి వేయుదును. నా మెషీను ఆగదు. ఆగదు కనుక దాని వంక ఎవరూ చూడరు. నా వంక అసలే చూడరు.

3. సదరు గణేష్ తన ప్రెస్సుకు ఆయిలైనా చూడడు. అది వారం తిరగకుండా మొరాయించును. అప్పుడు చూడాలి తమరు! స్పేరు పార్టు చెన్నై నుండి ఓడలో రావాలి, ఆ ఓడ ఎప్పుడొచ్చునో దేవుడికే తెలియాలి. ఇతగాడు చొక్కా విప్పి, ఏ పాత చేపల డోంగీ పడవ ఇంజనులోంచో ఒక సీలు పీకి తెచ్చి, ప్రెస్సు కింద దూరి, ఆడించేస్తాడు. ఇక చప్పట్లు! చాయ్! సమోసాలు! ఆ సమోసాల్లో ఒకటి నాకూ ఇచ్చిరి. తింటిని.

4. మొన్న మేనేజరు గారు అందరి ముందు, "అస్లీ మిస్త్రీ తో గణేష్ హై. జోగులు బస్ బటన్ దబాతా హై" అనిరి. అనగా అసలైన మేస్త్రీ గణేషే, నేను ఉత్త బటను నొక్కువాడను. ఈ ఏడు కాయ గణేషే కొట్టవలెనని కూడా అప్పుడే సెలవిచ్చిరి. అదీ నా మెషీను ముందే, ఎందుకనగా ఆగనిది అదొక్కటే. కొంపకు నిప్పంటించినవాడే వచ్చి నీళ్లు పోస్తే వాడికి శాలువా కప్పుట ఎక్కడి న్యాయమండీ?

5. ఇది వ్రాయరాదనుకొంటిని. అయినను వ్రాయుచున్నాను. నా భార్య కళ, "గణేష్ భయ్యా సేతిలో జాదూ ఉందంట కదేటి! నువ్వు రోజంతా అక్కడేటి సేత్తావు?" అని అడిగెను. "మెషీను ఆగకుండా సూత్తాను" అంటిని. "అదెలాగూ ఆగదు కదా, మరి నువ్వెందుకు?" అనెను. ఆ పూట అన్నం సయించలేదయ్యా. నాకు కడుపుమంటగా ఉన్నది. ఆఫీసు భాషలో దీనికి వేరే మాట ఉన్నచో తమరే దిద్దుకొనగలరు.

ఒక్కోసారి నా మెషీనుకు ఒక బోల్టు వదులు చేసేద్దామా అనిపించును. చేతులు రావు. అదేం పాపం చేసింది?

పూజకు కళను తీసుకువస్తానని ముందే గొప్పగా చెప్పి ఉన్నాను. కావున కాయ నా చేతనే కొట్టించునట్లు మేనేజరు గారికి ఒక్క మాట చెప్పి నా పరువు నిలబెట్టగలందులకు ఈ మొర తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జోగులు
(బటను నొక్కువాడు)

తా.క.: అర్జీ కవరులో పెట్టుచుండగా గణేష్ వచ్చాడు. "జోగులన్నా, ఆ కాయ నువ్వే కొట్టు. ఆనవాయితీ నీదే. మేనేజర్ సాబ్‌కి నేను బోల్‌దియా, చెప్పేశా" అన్నాడు. సాయంత్రం దాకా నా అంత సంతోషించినవాడు లేడు. సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా ఒకటే మాట: "క్యా దిల్ హై గణేష్ కా!" ఎంత గొప్ప మనసో అని. ఇంటికి వెళితే కళ కూడా, "సూసావా, ఎంత మంచోడో! సేతికొచ్చిన కాయ నీకిచ్చీసినాడు" అంది. ఇచ్చాడట! నాది నాకు ఇచ్చాడట!

అందుచేత అయ్యా, పై అర్జీ రద్దు చేసి, కాయ వాడి చేతనే కొట్టించండి. వాడు దానం చేసిన కాయ నేను కొట్టను. పోనీ, కాయ కుళ్లిపోయి ఉండాలని మొక్కుకుందామన్నా నాకు ఆ రాత కూడా లేదు. కొట్టేది నా మెషీను ముందు. మంచి కాయ నేనే ఏరి తెస్తాను.