సముద్రంలో వదిలిన ముద్ద

సుబ్బక్కకు,

తమ్ముడు చెంగల్రాయుడి నమస్కారాలు. నేను ఓడ మీద బాగున్నాను. నువ్వు, బావ, పాప ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెరుకు తోటకు నీళ్లు కట్టేటప్పుడు చెప్పుల్లేకుండా దిగొద్దని బావకు నా మాటగా చెప్పు. నేను వేళకు తింటున్నాను, కాస్త ఒళ్లు కూడా చేశాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఓడంటే నీకు పులికాట్‌లో ఎక్కిన పడవ గుర్తొస్తుందేమో. ఇది పన్నెండంతస్తుల ఊరు. పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ల కోసమే కట్టారు. మెట్ల పక్కన పెద్దవాళ్లకొక కమ్మీ ఉంటే, దాని కిందే పిల్లల చేతికందేలా ఇంకో కమ్మీ. అన్నిటికన్నా పైన జారుడుబండ ఒకటి మెలికలు తిరుగుతూ వచ్చి ఈతకొలనులో పడుతుంది. సాయంత్రమైతే నాటకాలు, గారడీలు. తాతలు కూడా మనవళ్లతో గంతులేస్తారు. గదుల్లో పగలు కనబడని మంచాలు సాయంత్రం నేను తాళం తిప్పితే పైకప్పులోంచి దిగుతాయి. తిరుపతి లాడ్జిలో నేను పని చేసేటప్పుడు నలుగురి గదిలో పదకొండుమంది సర్దుకునేవాళ్లు. ఈ మంచాలు అక్కడ ఉంటే ఇరవైమంది దూరేవాళ్లు!

నాకు పదహారు గదులు అప్పగించారు. పక్కలు వేసి, తువ్వాళ్లతో బొమ్మలు మడిచి పెట్టాలి. ఏనుగు నాకు బాగా కుదురుతుంది. మొన్నొక పాప ఏనుగును విప్పనివ్వక తడి ఒంటితోనే తిరిగిందట. వాళ్లమ్మ నవ్వుకుంటూ వచ్చి ఇంకో తువ్వాలు అడిగింది. తిండి ఫరవాలేదు కానీ కారం లేదు. నువ్విచ్చిన చెనక్కాయల పొడి డబ్బా అడుగంటింది. పుత్తూరు నుంచి ఎవరైనా ఈ ఓడ పనికి వస్తుంటే కొంచెం పంపు.

ఇక అసలు సంగతి. నాయన తిథి రోజు ఫోన్లో నువ్వు "ముద్ద పెట్టినావా అబ్బోడా?" అని అడిగితే "పెట్టినానక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ జరిగిందంతా నీకు చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, మా భోజనాల హాల్లోంచి అన్నం తెచ్చుకుని, నువ్వు పెట్టెలో పెట్టిన నల్ల నువ్వులు కలిపి, నువ్విచ్చిన విస్తరాకులోనే ముద్ద చేశాను. నడిసముద్రంలో కాకి ఎక్కడ దొరుకుతుంది? కాకి లేనిచోట నీళ్లలో వదలమని పెదనాయన చెప్పింది గుర్తొచ్చింది. ఓడ వెనకవైపు కమ్మీ దగ్గర నిలబడి, నాయనను తలుచుకుని, ఆకుతో సహా వదిలేశాను.

వెనక్కి తిరిగితే తెరేజా నిలబడి ఉంది. ఓడలోంచి చెత్త సముద్రంలో పడకుండా చూసే అధికారి ఆవిడ. పుల్లముక్క కూడా బయటికి వేయకూడదని, వేస్తే వచ్చే రేవులో దించి ఇంటికి పంపేస్తామని, పనిలో చేరినరోజే మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. నేనూ పెట్టాను. కానీ నాయన ముద్ద చెత్త కింద లెక్కవుతుందని నా బుర్రకు తట్టలేదక్కా.

"ఏం పడేశావు?" అని అడిగింది.

"అన్నం. చనిపోయిన మా నాన్నకు పెట్టాను."

ఆవిడ జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. "నేను పైవాళ్లకు రాయక తప్పదు. మీ నాన్న కోసమని కూడా రాస్తాను" అని వెళ్లిపోయింది. అప్పుడు ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

రెండు రోజులు కెప్టెన్ దగ్గర్నుంచి కబురు లేదు. రేవు దగ్గరపడుతోంది. పెట్టె సర్దేసుకున్నాను. ఊళ్లో మొహం ఎలా చూపించాలా అని ఏడ్చాను. అంతకన్నా, నువ్వులు మూట కట్టి ఇచ్చినందుకు నిన్ను నువ్వే తిట్టుకుంటావని భయపడ్డాను.

మూడోరోజు పిలిచారు. పంపించలేదక్కా! ఇదే ఆఖరి హెచ్చరిక అన్నారు. రెండు వారాలపాటు రోజూ నా పని ముగిశాక చెత్త గదిలో కూడా పని చేయమన్నారు.

అక్కడ మునస్వామన్న ఉన్నాడు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్లది. సీసాలు రంగు ప్రకారం ఏరాలి, రేకు డబ్బాలు అణచాలి, ఎంగిలి మెతుకులు వేరే మిషన్లో వేయాలి. "ఇంత చాకిరీ ఎందుకన్నా?" అని విసుక్కున్నాను.

"మా పులికాట్‌లో వలేసి సూడప్పా. రొయ్యలకంటే ముందు కవర్లొస్తాయి. మా నాయన కాలంలో యాడుండె ఇదంతా?" అన్నాడు. ఆ మాటతో తెరేజా మీద నా కోపం పోయింది.

నా కథంతా విన్నాక ఒకరోజు ఆయనే అడిగాడు. "కడాన మంచంలో ఉన్నప్పుడు మీ నాయనకు అన్నం ఎవురు పెడతా ఉండిరి?"

"మా అక్క."

"నువ్వు యాడుంటివి?"

"తిరుపతిలో, లాడ్జి పనిలో."

ఆయన మళ్లీ సీసాలు ఏరుకుంటూ పోయాడు. నేను మాత్రం పచ్చ సీసాలు తీసి తెల్లవాటిలో వేసేశాను.

నాయన మంచాన ఉన్న ఎనిమిది నెలలూ సంగటి మెత్తగా పిసికి నోట్లో పెట్టింది నువ్వు. నేను ఆదివారాలు వచ్చి పళ్లిచ్చి పోయేవాణ్ణి. ఒకసారి నేను పెట్టబోతే నాయన నా చెయ్యి పక్కకు నెట్టి, "సుబ్బమ్మ పెడితేనే గొంతు దిగతాది" అన్నాడు, గుర్తుందా? అయినా ఆయన పోయాక ముద్ద పెట్టే హక్కు మాత్రం కొడుకునని నాకిచ్చారు.

వచ్చే ఏడు తిథినాటికి కూడా నేను ఓడ మీదే ఉంటాను. నీళ్లలో వదల్లేను, వదలను. నువ్వే పెట్టక్కా. పెదనాయనకు నా దండాలు చెప్పు. ఆడపిల్ల పెట్టకూడదని ఆయన అడ్డం చెబితే ఈ ఉత్తరం చదివి వినిపించు, కొడుకే అడుగుతున్నాడని చెప్పు. అన్నం వద్దు, సంగటి చెయ్యి. పిట్టగోడ మీద పెట్టి పిలువు. కాకి రావడం ఆలస్యమైతే నా పేరు ఎత్తొద్దు. "నేను సుబ్బమ్మను నాయనా" అను. వస్తాడు.

నన్ను దీవించు.

నీ చేతి ముద్ద తిని పెరిగిన తమ్ముడు,
చెంగల్రాయుడు